రిహార్సల్‌లో అడిగిన ప్రశ్న

స్కూలు హాస్పిటల్,
చలి మొదలైన వారం

వదినా,

ఇక్కడ అందరం క్షేమం అని రాస్తే నువ్వు నవ్వుతావు. నేను క్షేమం. అన్నయ్యకి ఆ ఒక్క ముక్క చదివి వినిపించు, మిగతాది నీకు.

సరిహద్దుకి దగ్గరగా ఉన్నామని మా ఫోన్లు తీసేసుకున్నారు. ఆర్మీ పోస్టులో వేసిన ఉత్తరాన్ని ఎవరో విప్పి చదివి, అక్కడక్కడ నల్ల సిరా పూసి పంపుతారు. అందుకని దీన్ని మా అంబులెన్స్ డ్రైవర్ చేతికిస్తున్నాను. పెద్దాయన, మితభాషి. ఊళ్ళో పోస్టు డబ్బాలో వేసేస్తానన్నాడు. జవాబు కవరు మీదున్న ఆయన ఇంటి అడ్రసుకి రాయి, చాటుగా తెచ్చిస్తాడు. రూల్సు ప్రకారం ఇది తప్పే. మేజర్ హోదాలో ఉండి దొంగ ఉత్తరాలు రాస్తున్నానన్నమాట.

మమ్మల్ని ఒక చిన్న పిల్లల బడిలో పెట్టారు. రెండో తరగతి గదే మా ఆపరేషన్ థియేటర్. బెంచీలు బయట పడేయించాం గాని, గోడకున్న నల్లబల్ల మీద కూడికలు అలాగే ఉన్నాయి. అందులో ఒకటి తప్పు. చెరిపేద్దామంటే మా హెడ్ నర్సు ఒప్పుకోలేదు, పిల్లలు తిరిగొచ్చి వాళ్ళే దిద్దుకోవాలట. సరేనని ఆ తప్పు కూడిక కిందే కడుపులు కోసి కుడుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. కడుపులో దెబ్బ తగిలినవాళ్ళకి ఇక్కడ నేను చేయగలిగింది సగమే. రక్తం ఆపి, కట్టుకట్టి, హెలికాప్టర్ ఎక్కించాలి. గాలిలో అరగంటలో పెద్ద హాస్పిటల్ చేరతారు. రోడ్డు మీదైతే ఒక పగలంతా పడుతుంది. వారం నుంచి హెలికాప్టర్లు లేవు. రక్షణ మంత్రిగారు యుద్ధభూమి చూడటానికి వస్తారట, ఉన్న రెండూ ఆయన కోసం రాజధాని విమానాశ్రయానికి పట్టుకుపోయారు. మబ్బు పట్టి ఆయన ప్రయాణం వాయిదా పడింది. ఏ క్షణమైనా బయల్దేరతారేమోనని హెలికాప్టర్లు మాత్రం వెనక్కి పంపలేదు. మా నర్సులు ఆకాశం చూడటం మానేసి రేడియోలో ఆయన ప్రోగ్రాం వింటున్నారు.

నిన్న ఇద్దర్ని రోడ్డు మీద పంపాను. ఒక్కడే చేరాడు.

ఇది నీ ఆఫీసులో చెప్పమని రాయడం లేదు. ఆయన నీ మంత్రిగారని నాకు తెలుసు. ఎవరితోనో చెప్పుకోకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది, నువ్వు దొరికావు. అంతే.

నీ మరదలు


ఇంటి నుంచి,
వంటింటి బల్ల మీద

మా ఇంటి ఆడపడుచు గారికి వదిన వేయి నమస్కారాలు.

నీ దొంగ ఉత్తరం అందింది. మీ అన్నయ్యకి క్షేమం అన్న ముక్క చదివాను. "అంతేనా, ఇంత లావు కవరులో?" అన్నారు. ఆడవాళ్ళ సంగతులున్నాయి అన్నాను. వెంటనే పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఈ మంత్రం పెళ్ళయిన కొత్తలో కనిపెట్టాను, ఇప్పటికీ పనిచేస్తోంది.

బస్సు డిపోలో ఆయన కష్టాలు ఆయనవి. డీజిల్ సగం కోసేశారు. యుద్ధం సంగతేమో గాని ఏడో నంబరు బస్సు మాత్రం ఓడిపోయిందని రోజూ చెబుతారు.

నా ఉద్యోగం ఏమిటో మీ ఇద్దరికీ ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మంత్రిగారు పత్రికలవాళ్ళ ముందుకో, సభలోకో వెళ్ళాలంటే ముందురోజు మాకు రిహార్సల్ ఉంటుంది. కిటికీల్లేని గది, పొడుగు బల్ల. ఆ పక్క ఆయన, ఈ పక్క నేను. రేపు ఆయన్ని ఎవరెవరు ఎన్ని విధాల ఇరుకున పెట్టగలరో అన్ని విధాలా ఈరోజు నేను పెట్టాలి. ఆయన తడబడాలి, చెమటలు పట్టాలి, తర్వాత అందరం కలిసి జవాబు నున్నగా చెక్కాలి. నేను ఎంత కర్కశంగా అడిగితే నా జీతానికి అంత న్యాయం చేసినట్టన్నమాట. ఆఫీసులో నా పేరు ప్రతిపక్షం. లిఫ్టు మనిషి కూడా "ఏ అంతస్తు, ప్రతిపక్షం గారూ?" అంటాడు.

గదిలో ఇంకిద్దరే ఉంటారు. ఒకరు సెక్రటరీ గారు. ఇంకొకరు సైన్యం తరఫున వచ్చే కల్నల్, మోకాలి మీద టోపీ పెట్టుకుని మూల కూర్చుంటారు, దగ్గు వచ్చినా బయటికి వెళ్ళి దగ్గుతారు. ఎవరూ ఏదీ రాసుకోరు. గదిలో మాట గదిలోనే ఉండాలని కట్టుబాటు.

ఇందులో పనితనం ఏమిటో చెప్పనా? ఊరికే "ఏర్పాట్లు సరిగా లేవటగా" అని అడిగితే ఏ రాజకీయ నాయకుడైనా జారిపోతాడు. ప్రశ్నలో ఒక్క నిజమైన వివరం ఉండాలి, కళ్ళారా చూసినవాళ్ళకే తెలిసేది. అప్పుడు జారలేడు. నిన్న అలాంటిదొకటి అడిగాను. ఆయన గ్లాసెడు నీళ్ళు తాగాల్సి వచ్చింది. ఏం ప్రశ్న అని అడక్కు, కట్టుబాటు.

మేజోళ్ళు పంపుతున్నాను. అల్లింది నేనే, కాబట్టి ఒకటి కొంచెం పొడుగు.

నీ వదిన


స్కూలు హాస్పిటల్,
మంచు కురుస్తున్న రోజు

వదినా,

మేజోళ్ళు అందాయి. పొడుగుదాన్ని మడిచి వేసుకుంటున్నాను.

మంత్రిగారి ప్రయాణం ఇంకో రెండుసార్లు వాయిదా పడి, చివరికి రద్దయింది. హెలికాప్టర్లు నిన్న తిరిగొచ్చాయి. మేమందరం ఆటస్థలంలోకి పరిగెత్తాం. తలుపు తీస్తే లోపల స్ట్రెచర్లు పెట్టే ఇనుప చట్రాలు లేవు. వాటిని ఊడదీసి మెత్తటి సీట్లు బిగించారు, సీట్లకి తెల్ల కవర్లు. పైలట్ నా మొహం చూడలేక బూట్లు చూసుకున్నాడు. చట్రాలు ఎక్కడున్నాయో అతనికీ తెలియదు. సీట్లు పీకించి, నేల మీద పరుపులు వేసి పంపుతున్నాం.

మా జనరేటర్ బాగుచేసే మెకానిక్ ఒకడుండేవాడు, సైనికుడే. మొరాయించిన దానితో తిట్లతోనే మాట్లాడేవాడు, అదీ మాట వినేది. పోయిన వారం మోర్టార్ ముక్క వాడి కడుపులోకి దిగింది. రక్తం ఆపాను. బాగానే ఆపాను వదినా, నా పనిలో లోపం లేదు. రోడ్డు మీద పంపాను. నది మీద వంతెన దగ్గర లారీల వరస, అక్కడ ఆగిపోయారు. అక్కడే పోయాడు. డ్రైవర్ తిరిగొచ్చి స్ట్రెచర్ కడుక్కుంటూ కూర్చున్నాడు.

మా కమాండర్ పైకి ఎన్నిసార్లు రాశారో. మంత్రిగారి భద్రతే ముఖ్యం అని జవాబు. నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియని కోపం అయితే తగ్గిపోయేది. ఎవరి మీదో తెలుసు.

నీ మరదలు


ఇంటి నుంచి,
ఆదివారం

డాక్టరమ్మా,

మీకక్కడ పేపర్లు అందుతున్నాయో లేదో. సైన్యాధిపతి రాజీనామా చేశారు. చేసి ఊరుకోలేదు, యూనిఫాం విప్పేసి మామూలు కోటులో పత్రికలవాళ్ళ ముందు కూర్చుని, ఈ యుద్ధం కెమెరాల కోసం నడుపుతున్నారని చెప్పారు. హెలికాప్టర్ల సంగతి ఆయన నోటే వచ్చింది. ఆ మర్నాడు మాజీ సైనికాధికారులు డజను మంది ఆయనతో గొంతు కలిపారు. మా పార్టీలోనే ఇద్దరు పెద్దలు లేచి, వాళ్ళన్నదాంట్లో తప్పేముందన్నారు. మద్దతిస్తున్న చిన్న పార్టీ రోజుకో మాట మాట్లాడుతోంది. ఆఫీసు బయట ఒక గుంపు జనరల్‌ని ద్రోహి అంటుంది, ఎదురు గుంపు మంత్రిగారిని అదే మాట అంటుంది. మధ్యలోంచి మేం చెప్పులు తెగకుండా లోపలికి పోవాలి.

బుధవారం సభలో మంత్రిగారు మాట్లాడారు. "హెలికాప్టర్లు నా కోసం ఆపి ఉంచారన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. తెలిసి ఉంటే ఆ క్షణమే పంపేవాణ్ణి. సైన్యం నా దగ్గర దాచింది" అన్నారు. సభ సగం బల్లలు చరిచింది. దీని మీద విచారణ కమిటీ వేశారు. ఇప్పుడు నేరమంతా మీ వాళ్ళ నెత్తిన పడేలా ఉంది.

ముందురోజు రిహార్సల్‌లో ఆ ప్రశ్న అడిగింది నేనే. "మీకు తెలుసా, తెలియదా?" అన్నాను. ఆయన నా కళ్ళలోకి చూసి, "తెలియదు" అన్నారు. మా పని అక్కడితో అయిపోయింది.

నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. ఒక మాట చెబుతాను, ఎందుకని అడక్కు. నువ్వు ఎవరికైనా ఉత్తరాలు రాశావా అని అక్కడ ఎవరైనా అడిగితే, లేదని చెప్పు. నావి ఉంటే పొయ్యిలో పడెయ్యి.

జాగ్రత్త.
వదిన


స్కూలు హాస్పిటల్

వదిన గారికి నమస్కారం.

రాజధాని నుంచి విచారణ అధికారి వచ్చారు. మర్యాదస్తుడు. టీ తాగి, గదులన్నీ చూసి, నల్లబల్ల ముందు నిలబడి, "ఇవేనా ఆ కూడికలు?" అన్నారు. హాస్పిటల్ నుంచి సమాచారం బయటికి పొక్కిందట. ఎవరు చేరవేశారో పట్టుకోవాలట. నల్లబల్ల మీద కూడికల కింద ఆపరేషన్లు జరుగుతున్నాయన్న సంగతి మంత్రిగారి ఆఫీసులో వినిపించిందట. అలాంటి నల్లబల్ల ఈ సరిహద్దు పొడుగునా మాదొక్కటే.

ఆ మాట నేను ఒక్కరికే రాశాను.

నువ్వు చెప్పావా?


ఇంటి నుంచి

అమ్మాయీ,

చెప్పాను.

నీ మొదటి ఉత్తరం వచ్చిన మర్నాడే రిహార్సల్. నాకు మంచి ప్రశ్న కావాలి. నీ ఉత్తరంలో సిద్ధంగా ఉంది. "మంత్రిగారూ, మీ ప్రయాణం కోసం హెలికాప్టర్లు ఆపేస్తే, నల్లబల్ల మీద పిల్లల కూడికలు కూడా చెరపని ఒక బడి గదిలో కడుపులు కుట్టించుకున్న సైనికులు రోడ్డు మీద ప్రాణాలు వదులుతున్నారు. దీనికేమంటారు?" అని అడిగాను. నల్లబల్ల లేకపోయినా ప్రశ్న నిలిచేది. ఉంటే ఇంకా బాగుంటుందని పెట్టాను. ఆయన నీళ్ళు తాగుతుంటే గర్వపడ్డాను. నీ పేరు ఎత్తలేదు కదా, నష్టమేముందనుకున్నాను. బయట ఏ విలేకరీ ఆ ప్రశ్న అడగలేదు, నేనూ మరిచిపోయాను.

జనరల్ మాట్లాడిన వారం సెక్రటరీ గారు నన్ను వరండాలో ఆపి, "ప్రతిపక్షం గారూ, ఆ నల్లబల్ల సంగతి మీకెలా తెలిసింది?" అని నవ్వుతూ అడిగారు. ఎవరో అన్నారు, గుర్తులేదన్నాను. మన చుట్టరికం ఆయనకి తెలియదు. కానీ అది ఊరికే నవ్విన నవ్వు కాదు. ఆ ఆదివారమే నీకు రాశాను, ఇది మాత్రం రాయలేదు. భయం వేసింది, సిగ్గు వేసింది. రెండూ ఒకేసారి వేస్తే మనిషి ఎంత తెలివితక్కువగా రాస్తాడో నా ఉత్తరమే సాక్ష్యం.

ఇంకో సంగతుంది, అది నన్ను తినేస్తోంది. ఆ రోజు ఆయన నీళ్ళు తాగి ఏమన్నారో చెబుతాను. "ఒక వారం రోడ్డు మీద పోతే కొంపలేం మునిగిపోవు. నేను వెళ్ళొచ్చాక పంపుదాం" అన్నారు. తర్వాత ముగ్గురం కలిసి దాన్ని "ప్రతి సైనికుడి ప్రాణమూ మాకు అమూల్యం" అని చెక్కాం. అంటే ఆయనకి తెలుసు. మొదటి వాయిదా అయిన వెంటనే తెలుసు. ఆయన ఆ రోజే హెలికాప్టర్లు వదిలేసి ఉంటే మీ మెకానిక్ గాలిలో వెళ్ళేవాడు. సభలో చెప్పింది శుద్ధ అబద్ధం. ఆ అబద్ధానికి ముందురోజు ఎదురుగా కూర్చుని తర్ఫీదు ఇచ్చింది నేను.

విచారణ కమిటీ ఆఫీసు సిబ్బందిని కూడా పిలుస్తోంది. నా వంతు వస్తుంది. నేను నోరు విప్పితే మొదట అడిగేది ఒకటే, ఆ వివరం నీకెవరిచ్చారని. నీ పేరు చెప్పాలి. యుద్ధ సమయంలో చాటుగా ఉత్తరాలు రాసినందుకు నీ ఉద్యోగం పోతుంది, ఇంకా పెద్ద శిక్షే పడొచ్చు. నోరు మూసుకుంటే ఆయన గెలుస్తాడు, మీ వాళ్ళు దోషులవుతారు.

నువ్వు వద్దంటే నేను ఒక్క మాట మాట్లాడను. నిజం చెప్పాలంటే, నువ్వు వద్దంటే బాగుండునని నా మనసులో ఒక మూల ఆశ కూడా ఉంది. అప్పుడు నీ కోసమే ఊరుకున్నానని నాకు నేను చెప్పుకోవచ్చు కదా.

మీ అన్నయ్యకి అంతా చెప్పాను. "మా చెల్లెలి ఉత్తరం నీకు ఆఫీసు సరుకైపోయిందా?" అన్నారు. అప్పటినుంచి నాతో మాటల్లేవు. భోజనానికి వస్తారు, గిన్నె జరుపుతారు, వెళ్ళిపోతారు.

క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను.

వదిన


స్కూలు హాస్పిటల్,
మంచు కరుగుతున్న రోజు

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులోనే దెబ్బలాడాను. నువ్వు వినలేదు గాని చాలా బాగా తిట్టాను. నేను కడుపు విప్పి చూపిస్తే నువ్వు దాన్ని ప్రదర్శనకి పెట్టావు. ఇది రాయకుండా ముందుకి పోలేను, అందుకే రాశాను. ఇక దీని ఊసెత్తను.

నీ ప్రశ్నకి జవాబు. వద్దనాలా, చెప్పమనాలా అని నా మీద పడేశావు చూడు, అది నాకు నచ్చలేదు. నేను గాయాలు చూసి ఎవర్ని ముందు పంపాలో రోజూ తేలుస్తాను. నీ పని కూడా నేనే తేల్చాలా?

అయితే ఈలోగా ఒకటి జరిగింది. ఉత్తరాలు ఎవరి చేత పోయాయో విచారణ అధికారి కూపీ లాగారు. అంబులెన్స్ డ్రైవర్‌ని పట్టుకుపోయి కాపలా గదిలో కూర్చోబెట్టారు. ఆయన నోరు విప్పలేదు. ఎవరిచ్చారంటే గుర్తులేదన్నాడట, కొట్టినా చెప్పేలా లేడట. ఇంట్లో మంచం పట్టిన భార్య ఉంది ఆయనకి. ఆయన మీద కేసు రాస్తుంటే నేను ఇక్కడ చేతులు కడుక్కుని ఆపరేషన్ చేయాలా?

మధ్యాహ్నం రౌండ్లు అయ్యాక అధికారి దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. రాసింది నేను, ఇచ్చింది నేను, ఆయన నా మాట కాదనలేక తీసుకున్నాడు అని. ఎవరికి రాశారన్నారు. మా అన్నయ్య భార్యకి అన్నాను. ఆమె ఏం చేస్తారన్నారు. నువ్వు చేసే పని చెప్పాను. ఆయన పెన్నుకి మూత పెట్టారు. తర్వాత, "మేజర్ గారూ, మీరేం చెబుతున్నారో మీకు తెలుస్తోందా?" అన్నారు. తెలుస్తోందన్నాను. సాయంత్రానికి డ్రైవర్ని వదిలేశారు. వచ్చి నాకు దండం పెట్టబోతే కసిరాను.

కాబట్టి నా కోసం నువ్వు దాచాల్సింది ఇక ఏమీ లేదు. నా సంగతి సైనిక బోర్డు చూసుకుంటుంది. కమిటీ ముందు చెబుతావో, ఊరుకుంటావో నీ ఇష్టం. ఏం చేసినా మా వదినవే. కానీ నన్ను అడ్డం పెట్టుకోవడానికి మాత్రం కుదరదు.

అన్నయ్యకి కూడా వేరే ఉత్తరం రాశాను. గిన్నె జరిపేటప్పుడు కాస్త నోరు కూడా కదపమన్నాను.

నీ మరదలు


ఇంటి నుంచి,
పట్టపగలు, ఆఫీసు లేదు కాబట్టి

నా తల్లీ,

అయిపోయింది. మొదట్నుంచీ చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

ముందురోజు సెక్రటరీ గారు పిలిచి టీ ఇప్పించారు. "కమిటీ వాళ్ళు ఏమేం అడుగుతారో ఒకసారి రిహార్సల్ చేసుకుందామా?" అన్నారు. నాకే రిహార్సల్. ఆయన ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగారు. "గుర్తులేదు" అన్న మాటని ఎన్ని రకాలుగా, ఎంత ఒద్దికగా చెప్పొచ్చో నేర్పించారు. ఆ కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. బుద్ధిగా అన్నీ అప్పజెప్పాను. ఆయన తృప్తిగా లేచారు.

పొద్దున బయల్దేరుతుంటే మీ అన్నయ్య షర్టు తొడుక్కుని సిద్ధంగా ఉన్నారు. ఎక్కడికంటే, "డిపోకి సెలవు పెట్టాను" అన్నారు. దారి పొడుగునా అంతకు మించి మాట్లాడలేదు. మెట్ల దగ్గర నా కొంగు సర్ది, "తడబడకు" అన్నారు. అంతే, నాకు ఏడుపొచ్చింది. అక్కడే కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళాను.

పెద్ద హాలు, పాత కుర్చీలు, కిర్రుమంటాయి. కమిటీ అధ్యక్షురాలు ముసలావిడ, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని చూస్తారు. మంత్రిగారు మొదటి వరసలో ఉన్నారు. నన్ను చూసి అలవాటుగా నవ్వారు, అయిదేళ్ళ అలవాటు. హెలికాప్టర్ల విషయం మంత్రిగారికి ముందే తెలుసా అని ఆవిడ అడిగారు.

తెలుసు అన్నాను. ఎలా చెప్పగలరన్నారు. నేనే అడిగాను కనక అన్నాను. ఆ గది, ఆ బల్ల, నా ప్రశ్న, ఆయన జవాబు, మేం చెక్కిన జవాబు, అన్నీ వరసగా చెప్పాను. కొంపలేం మునిగిపోవన్న మాట ఆయన అన్నది అన్నట్టే అన్నాను.

మంత్రిగారి వకీలు లేచాడు. ఆ రోజు మాటలకి రికార్డుందా అన్నాడు. లేదన్నాను, మా కట్టుబాటు అదేనన్నాను. నల్లబల్ల వివరం ఎవరిచ్చారన్నాడు. మా ఆడపడుచు, సైనిక డాక్టర్ అన్నాను. "అంటే మీరిద్దరూ ఒకే ఇంటివాళ్ళు. ఇదంతా ఒక కుటుంబం పన్నిన కథ కాదని ఎలా నమ్మాలి?" అన్నాడు. ఎంత మంచి ప్రశ్నో. నేనైనా అదే అడిగేదాన్ని.

అప్పుడు అధ్యక్షురాలు, "ఆ గదిలో ఇంకెవరున్నారమ్మా?" అన్నారు. సెక్రటరీ గారి పేరు చెప్పాను, ఆయన గుర్తులేదన్నారు, చక్కగా అన్నారు. తర్వాత కల్నల్ గారు అన్నాను. ఆయన వెనక వరసలో మోకాలి మీద టోపీతో కూర్చుని ఉన్నారు. ఆవిడ ఆయన్ని నిలబడమని, ఈవిడ చెప్పింది నిజమేనా అని అడిగారు. ఆయన మంత్రిగారి వంక చూడలేదు, నా వంక చూడలేదు. "నిజమండి. ప్రతి మాటా విన్నాను" అన్నారు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఆవిడ అడిగితే, "నన్ను ఎవరూ అడగలేదండి" అన్నారు. అని, కూర్చోవడానికి కుర్చీ కోసం చేత్తో వెతుక్కున్నారు.

ఆ సాయంత్రమే చిన్న పార్టీ మద్దతు ఉపసంహరించుకుంటామంది. మర్నాటికి మంత్రిగారు అనారోగ్య కారణాలతో రాజీనామా చేశారు. ప్రభుత్వం పడలేదు. యుద్ధం ఆగలేదు. ఆయన కుర్చీలో ఇంకొకాయన కూర్చున్నారు, ఆయనకీ ఒక ప్రతిపక్షం కావాలి, అది నేను కాదు. నా ఫ్లాస్కూ, శాలువా తెచ్చుకున్నాను. లిఫ్టు మనిషి ఏ అంతస్తని అడగకుండా నన్ను కిందికి దించాడు.

రావాల్సినంత ధైర్యం ముందే వచ్చి ఉంటే బాగుండేదని రోజూ అనుకుంటున్నాను. మీ అన్నయ్య మాట్లాడుతున్నారు, ఏడో నంబరు బస్సు గురించే అయినా.

బోర్డు నీ గురించి ఏం తేల్చింది? దాచకు. ఏదైనా సరే, ఉన్నదున్నట్టు రాయి.

వదిన


నది దగ్గర, రోడ్డు మీద

వదినా,

ఇది అంబులెన్సు ముందు సీట్లో రాస్తున్నాను, గీతలు వంకరపోతే నా తప్పు కాదు.

బోర్డు పావుగంటలో తేల్చేసింది. హోదా తీసేసి, సైన్యం నుంచి పంపేశారు. జైలు లేదు. అధ్యక్షుడు పెద్ద బ్రిగేడియర్, తీర్పు చదివాక కాగితం మడిచి, తన కొడుకు కూడా మా స్కూల్లో నుంచే బతికి బయటపడ్డాడని చెప్పారు. చెప్పినా తీర్పు మార్చలేదు. రూలు రూలే కదా, నేనూ అడగలేదు. నేను రాసింది తప్పని వాళ్ళు అన్నారు, ఒప్పుకున్నాను. మళ్ళీ రాస్తావా అంటే రాస్తానన్నాను.

కొత్త సర్జన్ ఈ పొద్దున హెలికాప్టర్లో దిగాడు. చట్రాలు మళ్ళీ బిగించారు. అదే హెలికాప్టర్లో నన్ను వెనక్కి తీసుకెళ్ళాలని ఉత్తర్వు. ఎక్కబోతుంటే కడుపులో దెబ్బతో ఒకణ్ణి తెచ్చారు. చట్రాలు నిండిపోయాయి, ఖాళీగా ఉన్నది నా చోటొక్కటే. పైలట్ నా వంక చూశాడు. వాణ్ణి అక్కడ పడుకోబెట్టించి, నేను దిగి అంబులెన్సు ఎక్కాను. గొప్పతనం ఏమీ లేదు. నాలుగు నెలలుగా చేస్తున్న పనే, చివరిసారి చేశాను.

ఈ రోడ్డు నేను ఎప్పుడూ చూడలేదు వదినా. వచ్చినప్పుడు గాలిలో వచ్చాను. మా గేటు దాటాక గుంటలు మొదలవుతాయి, ఒక్కో గుంటకి ఒళ్ళు ఎగిరిపడుతుంది. నాకు ఏ గాయమూ లేదు, అయినా పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు వంతెన దగ్గర ఆగిపోయాం, ముందు లారీల వరస కనుచూపు మేర ఉంది. డ్రైవర్ ఇంజను ఆపి, "ఇక్కడేనమ్మా" అన్నాడు. ఎవరి గురించో అడగక్కర్లేదు. రోడ్డు పక్క ఒక గుడ్డి గేదె గడ్డి మేస్తోంది, దూరంగా నది కనిపిస్తోంది. మామూలు చోటు.

నేను వీళ్ళని పంపేటప్పుడు ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పేదాన్ని. కళ్ళు మూసుకో, తెరిచేసరికి పెద్ద హాస్పిటల్లో ఉంటావు అని. ఎంత ధీమాగా చెప్పేదాన్నో. వాళ్ళు నమ్మి కళ్ళు మూసుకునేవాళ్ళు. మంత్రిగారు సభలో చెప్పింది అబద్ధమే, నేను చెప్పింది కూడా నాకు తెలియని సంగతే. బోర్డు నన్ను ఆ విషయం అడగలేదు. అడిగే కమిటీ లేదు కూడా.

ఎల్లుండికి ఇంటికి చేరతాను. అన్నయ్యకి చెప్పు, కొన్నాళ్ళు నన్నేమీ అడగొద్దని. అడిగితే ఏడుస్తాను, వాడు కంగారుపడతాడు.

నువ్వు మాత్రం అడుగు. ఈ రోడ్డు మీద ఎవరెవర్ని పంపానో పేరు పేరునా అడుగు. జారిపోబోతే పోనివ్వకు.

నీ మరదలు